లోపలి ముడి

గిల్‌నామ్‌కు కాలివేళ్ళు ఎనిమిదే. మిగతా రెండూ నిరుడు చలికాలంలో సొరాక్ కొండ తీసేసుకుంది. బూట్లోకి మంచు దూరి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి ఎడమకాలి చివరి వేళ్ళు రెండూ నల్లబడిపోయాయి. "ఇంకోసారి పాదం తడిసి గడ్డకట్టిందో, ఈసారి వేళ్ళతో పోదు," అని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. కొండమీది బసకు బియ్యం, కిమ్చీ పచ్చడి జాడీలు, గ్యాసుబండలు వీపున మోసుకెళ్ళడం తప్ప గిల్‌నామ్‌కు ఇంకో పని రాదు. మానమంటే వినే రకమూ కాదు.

బూటు నోటి నుంచి మోకాలి కిందిదాకా కాలిని మూసే మంచుతొడుగులు కొండకింది కొట్లన్నిట్లోనూ దొరుకుతాయి. అవి ఆదివారం సరదాగా కొండెక్కే పట్నంవాళ్ళ కాళ్ళకు కుట్టినవి. ముప్ఫై ఏళ్ళు బరువులు మోసిన ఇతని పిక్కల చుట్టూ సగం కూడా తిరగవు. అందుకని భార్య మల్‌సున్ తానే కుడతానని కూర్చుంది. హన్‌బోక్ అనే కొరియా పండగ బట్టలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించిన చెయ్యి లేదు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు అందరూ అద్దెబట్టలు తెచ్చుకుంటున్నారు కనుక తీరికకూ కొదవ లేదు.

పాత గుడారం గుడ్డను చిరుగులు తప్పించి కత్తిరించింది. లోపల ఉన్ని దుప్పటి ముక్క వేసింది. పైన నాడా, ముందు బూటు తాడుకు తగిలించే కొక్కెం, అరికాలి కింద సైకిలు ట్యూబు పట్టీ. తొడుక్కోవడానికి, విప్పుకోవడానికి పక్కన వరసగా నాలుగు కొక్కేలు పెట్టింది. వాటిని కాలి లోపలివైపే పెట్టింది. ఆలోచించి పెట్టలేదు, చెయ్యే పెట్టింది. హన్‌బోక్ లాగును చీలమండ దగ్గర బిగించే పట్టీ ముడి లోపలివైపే పడాలి. బయటికి పడితే పని నేర్పిన అత్తగారు గజంబద్దతో వేళ్ళ మీద కొట్టేది.

వాటిని తొడుక్కుని వెళ్ళిన మొదటిరోజే గిల్‌నామ్ మోకాలు వాచి కుంటుకుంటూ వచ్చాడు.

"ఏమైందయ్యా?"

"నీ కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయే. నా రెండు కాళ్ళకీ పెళ్ళి చేసిపెట్టావు. ఇనప మెట్ల దగ్గర బోర్లా పడ్డా. కమ్మీ లేకపోతే ఈపాటికి లోయలో ఉందును."

"ఆడలేక మద్దెల ఓడందిట! కాళ్ళు ఎడంగా వేసి నడవచ్చుగా."

"ముప్ఫై కిలోలు వీపునేసుకుని బాతులా నడవమంటావా? కొక్కేలు బయటికి మార్చవే, నీకు పుణ్యముంటుంది."

"ముడి బయటికా? చూసినవాళ్ళు నవ్వరూ?"

"చూసేదెవరే, కొండమేకలా?"

"నలభై ఏళ్ళుగా కుడుతున్నా. నాకే నేర్పుతావా?"

ఆమె పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అవతల ఆయనేమీ తక్కువ తినలేదు. మర్నాడు తొడుగులు గుమ్మం దగ్గరే వదిలేసి, కాళ్ళకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మల్‌సున్ వాటిని చూసి ముందు తిట్టింది. తర్వాత ఆకాశం చూసింది. మంచు ఆగకుండా పడుతోంది. ఆమెకు భయం వేసింది. తొడుగులు తన కాళ్ళకే బిగించుకుని, బియ్యం బస్తా వీపున కట్టుకుని, పెరటి మంచులో నడిచింది. ఎనిమిదో అడుగుకు రెండు కాళ్ళ కొక్కేలూ పెనవేసుకుని బస్తాతో సహా కూలబడింది. పండగ బట్టలు కట్టినవాడు చాప మీద కూర్చుంటాడు, మంచులో బస్తాలు మొయ్యడు. ఇంత చిన్న సంగతి తెలియడానికి పళ్ళెమంత మంచు నోట్లోకి పోవాల్సి వచ్చింది. లేచి, బట్ట దులుపుకుని, కొక్కేల కుట్లు విప్పింది.

మధ్యాహ్నం దాటాక గిల్‌నామ్ వచ్చాడు. సంచులు చిరిగి మేజోళ్ళు నానిపోయి ఉన్నాయి. ఆమె కింద పొయ్యి వేడి పారే వెచ్చటి నేల మీద కూర్చోబెట్టి వేళ్ళు ఒక్కొక్కటే పట్టి చూసింది. ఎర్రగా ఉన్నాయి, నలుపు లేదు.  తొడుగులు తెచ్చి అతని ఒళ్ళో పడేసింది.

"ముడి బయటపడిందే! జనం నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ."

మర్నాడు అవి వేసుకుని కొండెక్కి దిగి వచ్చాడు. బూట్లు విప్పుతుంటే ఆమె మేజోళ్ళు లాక్కుని చెంపకు ఆనించుకుంది. పొడిగా ఉన్నాయి. కంపు కొడుతున్నాయి. అయినా చాలాసేపు తీయలేదు.