పసుపు దారం పొట్లం

మునెప్పకు చదువు రాదు. విత్తనాల పొట్లాలను దారాలతో గుర్తుపెట్టుకునేవాడు. నాటిన ఏడే పూసి చచ్చిపోయేవాటికి తెల్ల దారం, మొదటి ఏడు ఆకులేసి రెండో ఏడు పూసేవాటికి పసుపు దారం, వేరుతో ఏండ్లకేండ్లు బతికేవాటికి నల్ల దారం. చలికి ఓర్వలేని మొక్కలకు డిసెంబరు సాయంకాలాల్లో పసిపిల్లలకు కప్పినట్టు గోనెపట్టాలు కప్పేవాడు. కంటోన్మెంటులోని ఒక బంగళాలో ఇరవై మూడేళ్ళుగా అతని పని ఇదే. ఈసారి జనవరి పూల ప్రదర్శన కోసం వేసిన ముందుమడి ఏపుగా పెరిగింది కానీ మొగ్గ తొడగలేదు. మునెప్ప మోకాళ్ళమీద కూర్చొని ఒక్కో కొననూ బొటనవేలితో తడిమాడు. అంతా ఆకే. తెల్ల దారమనుకొని తాను విప్పింది పసుపు దారమని అప్పుడు తెలిసింది. దూరానివి మసకబారి, రెండు రంగులూ ఒకటిగా కనబడే తన కండ్ల సంగతి అతను భార్యకు కూడా చెప్పలేదు.

“ప్రదర్శనకు ఆకులు తీసుకుపోదామా మునెప్పా?” వరండాలోంచి యజమానురాలు అడిగింది. “ఒకటో తారీఖు నుంచి వేరే మాలి వస్తాడు. నువ్వింక రావద్దు.”

కండ్ల సంగతి బయటపడితే ఇంకే బంగళాలోనూ పని దొరకదు. “పోతానమ్మా. ఈ మడి మాత్రం పెరకొద్దని కొత్తాయనకు చెప్పండి. చలికి చావని జాతి ఇది. మళ్ళా ఏడు పూస్తాది.” వరండాలో తెల్లగా కనబడుతున్న ఆమె చీరకేసి చేతులు జోడించాడు. దగ్గరికి పోయి మళ్ళీ బతిమాలాడు. గాలికి ఆ తెలుపు వచ్చి అతని ముఖానికి తగిలింది. తడిగా ఉంది. ఆరేసిన దుప్పటి.