మెట్టు అంచున లేని గాడి

ఒక మైనస్ గుర్తును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. వింటే నవ్వొస్తుందేమో. నవ్వకండి. దాని కింద ఒక మనిషి బతుకు నలిగిపోయింది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నేనూ నర్సింహా ఒకే గైడు దగ్గర పరిశోధన చేసేవాళ్లం. మాది కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. అతనిది ఎల్బీనగర్ అవతల పాత ఊరు. మా మైక్రోస్కోపు సన్నని లేజర్ చుక్కతో ఉపరితలాన్ని వరసగా తడుముతూ, తిరిగొచ్చిన వెలుగుతో బొమ్మ కట్టేది. ఎలాంటి ఉపరితలానికి ఎలాంటి బొమ్మ రావాలో లెక్కగట్టడం మా పని. ఒక సిలికాన్ ముక్క మీద చిన్న మెట్టు ఉంది. బొమ్మలో దాని అంచున సన్నని గాడి కనిపించింది. అది నిజంగానే ఉందని నా లెక్క. అక్కడేమీ లేదు, అంచు దగ్గర వెలుగు చేసే మాయేనని నర్సింహ లెక్క.

ఒక బంద్ రోజు, బస్సుల్లేక, కాగితాలు చంకలో పెట్టుకుని మా ఇంటిదాకా నడిచొచ్చాడు.

“అక్కా, మూడుసార్లు చేసిన. లెక్కల మెట్టు నున్నగ పెట్టినా బొమ్మల గాడి ఒస్తనే ఉంది. నాదే తప్పేమో, జర నువ్వు చూడవా? నాకైతే దొరుకుతలేదు.”

దొరకదు. తప్పు అందులో లేదు. ముందు రోజే దాన్ని నా ప్రోగ్రాములో చూశాను. మెట్టు కింది నుంచి తిరిగొచ్చే వెలుగుకి మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ వేశాను. అందుకే నా లెక్కలో నున్నటి మెట్టుకు గాడి రాలేదు, బొమ్మలోని గాడి నిజమనిపించింది. అప్పటికే నా లెక్కతో వ్యాసం పత్రికకు వెళ్లిపోయింది.

“చూస్తాలే, ఉంచి వెళ్లు” అన్నాను.

అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, మళ్లీ నడిచే వెళ్లాడు.

తర్వాత గైడు అడిగారు, ఎవరిది సరి అని. అతను ధర్నాల్లోనే ఉంటున్నాడు కదా సార్, శ్రద్ధ తగ్గినట్టుంది అన్నాను. నర్సింహ వెళ్లింది రెండే ధర్నాలకు, అదీ ఆదివారాలు. మరి ఆ మాటే ఎందుకు ఎంచుకున్నాను? ఇట్టే నమ్ముతారని తెలిసా? మావాళ్లను వెళ్లిపొమ్మనే గోడరాతలు చదివీ చదివీ, నన్నెప్పుడూ పల్లెత్తు మాట అనని వాడి మీద కక్ష తీర్చుకున్నానా? ఇప్పటికీ తెలియదు.

అతని ఫెలోషిప్ పొడిగింపు మీద గైడు సంతకం పెట్టలేదు. నర్సింహ పరిశోధన మానేసి, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ప్లాట్లు చూపించే పనిలో చేరాడు. నాకు డాక్టరేటు వచ్చింది. ఆ సిలికాన్ ముక్కను ఒకసారి వేరే పరికరంతో, సూదిమొనతో తడిమి చూశాను. గాడి లేదు. ఆ ఫలితం ఎవరికీ చూపలేదు.

చాలా ఏళ్లకు ఎదురుపడితే, తనకు ఆ చదువు ఎక్కలేదని నవ్వాడు. పనుందని చెప్పి వెళ్లిపోయాను.

అతను ఇది చదివినా పోయిన ఏళ్లు తిరిగి రావు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. కానీ మొదటిసారి ఇక్కడ, మీతో అన్నాను: అతని లెక్కే సరైనది, నాకు తెలుసు, తెలిసే అబద్ధమాడాను.