నేను ఇల్లు కడిగిన పుణ్యం

బతికున్న మనిషి ఇంటికి పూలదండ తెప్పించిన ఘనత మా డిగ్రీ కాలేజీ మొత్తంలో నాకొక్కదానికే దక్కింది. ఎట్లాగో చెబుతాను, మధ్యలో తిట్టొద్దు.

హాస్టల్ దొరకని పిల్లల్ని ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లలో కుదిర్చేది మా లెక్చరర్ మేడమ్. కిరాయి లేదు, బదులుగా ఇంటిపనిలో సాయం చేయాలి. పెద్దవూర నుంచి వచ్చిన నన్ను మిర్యాలగూడలో లచ్చమ్మ అమ్మమ్మ దగ్గర పెట్టింది. నెల తిరక్కుండానే కోదాడ పిల్ల స్రవంతిని కూడా తెచ్చింది. "ఉన్నది ఒక్క గది. కొన్నాళ్లు ఇద్దరుండి సూడుండ్రి, అమ్మమ్మ ఎవర్ని ఉంచుకుంటే వాళ్లే" అంది. రెండో ఆమె చదువు మానేసి ఇంటికి పోవాల్సిందే.

స్రవంతి నోరు తెరిస్తే "అమ్మమ్మగారూ, టీ పెట్టేశానండీ". పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పక్క మంచం పిల్ల వండిన పుల్లకూర ఇంకా రుచి కాబోలు, అమ్మమ్మ వేళ్లు నాకేది.

"ఆ పిల్లను సూసి నేర్చుకో. మాటల ఎంత మర్యాదున్నదో" అనేది నాతో. నా కడుపు మంట మీద అట్లు పోసుకోవచ్చు.

నేనూ ఒకరోజు "అమ్మమ్మగారండీ" అన్నాను.

"ఏమైందే, జరమొచ్చిందా?" అంది.

అమ్మమ్మ కంటి ఆపరేషన్ రోజు రానే వచ్చింది. "దవాఖానకు స్రవంతిని తోల్కపోత. నువ్వు ఇంటికాడుండు" అంది. ఆటో సందు దాటిందో లేదో, చున్నీ నడుముకు బిగించాను. కొత్త కంటితో అమ్మమ్మ మొదట చూసేది నా పనే కావాలి. మంచాలు వాకిట్లో పడేసి, బిందెలకు బిందెలు గుమ్మరించి ఇల్లంతా కడిగాను. నీళ్లు సందులోకి పారాయి.

మనిషి గడప దాటగానే ఇల్లు ఊడవకూడదని, వెంటనే కడిగేది శవం లేచిన ఇల్లేనని మీకు తెలుసు. నాకూ తెలుసు. అసూయ తలకెక్కితే తెలిసినవన్నీ దిగిపోతాయి.

పక్కింటి యాదమ్మ పారే నీళ్లు చూసింది, బయటేసిన మంచం చూసింది, అక్కడే కూలబడింది. "పొద్దుగాల రెక్కవట్టి ఆటో ఎక్కిస్తుంటే సూస్తి గదనే లచ్చక్కా" అని ఏడుపందుకుంది. దవాఖాన నుంచి ఆమెకు కబురొచ్చిందనుకుని నేను గుండె బాదుకున్నాను. నేను బాదుకోవడం చూసి ఆమెకు నమ్మకం కుదిరింది. స్రవంతి ఫోన్ ఎత్తదు. కాసేపటికి గల్లీ అంతా వాకిట్లోనే ఉంది. మధ్యాహ్నానికి, అమ్మమ్మతో ఏళ్లుగా మాటల్లేని ఆమె సూర్యాపేట తమ్ముడు ఎవరో చెప్పిన కబురు విని దండతో కారు దిగి "అక్కా, ఒక్కసారన్న మాట్లాడకపోతిని" అని గోడకు తల కొట్టుకున్నాడు.

అప్పుడే ఆటో వచ్చింది. నల్లద్దాలు పెట్టుకుని అమ్మమ్మ దిగింది.

"ఎవరు పోయిండ్రు?"

అమ్మమ్మ చూపు తడి వాకిలి మీద, బయటేసిన మంచాల మీద పడింది.

"ఇల్లెవరు కడిగిండ్రు?"

అందరి వేళ్లూ నా వైపు తిరిగాయి. ఇక సంచి సర్దుకోవడమే అనుకున్నాను.

అమ్మమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "బతికుంటే రాకపోతివి. ఆ దండ దేవునికెయ్యి. కూసో, అన్నం తిని పో" అంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

మర్నాడు మేడమ్ వచ్చి ఎవర్ని ఉంచుకుంటావని అడిగింది.

"ఇద్దరుంటరు" అంది అమ్మమ్మ. "బతికినన్ని దినాలు కోదాడ పిల్ల సూస్కుంటది. నేను పోయిన్నాడు ఇల్లు కడగనీకి గీమె కావాలె. పని వచ్చినామె గదా."

కనుక ఆ పూలదండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరు గడప దాటినా, తిరిగొచ్చేదాకా నేను చీపురు ముట్టను. అంత అవసరమైతే స్రవంతిగారే ఊడుస్తారండీ.