ఆ పాటల ఎండిపోయిన పిల్ల ఎవరంటే

నా చిన్నప్పుడు ఆ పాటకు డప్పు తోడు కూడా లేకుండె. ఇప్పుడు పెండ్లి ఊరేగింపుల డీజేకు అదే పాట, ఆటోలల్ల అదే పాట. మా మనుమరాలి ఫోన్ల ఒకాయన గిటారు పట్టుకొని పాడుతడు, ఇంకొకామె కండ్లు మూసుకొని పాడుతది. తెలంగాణ వచ్చినంక మన యాస పాటలకు రెక్కలొచ్చినయి గానీ, దీనికి మాత్రం గద్ద రెక్కలే వచ్చినయి. ఎక్కడ వినపడ్డా నేను ఆగి, పక్కనున్నోళ్లకు చెప్తాను: ఈ పాట మా ఇంట్ల పుట్టింది. నమ్మనోళ్లకు అది పుట్టిన అరుగు కూడా చూపిస్తాను.

మంద కదిలిపాయె మామో, చేను పచ్చగాయె
నువ్వు కదిలిపోతివి మామో, నేను ఎండిపోతి

ఈ మధ్య ఒక పిల్లగాడు మందను తీసేసి మోటర్‌సైకిల్ పెట్టి పాడిండు. గొంతు మంచిదే, కాదనను. కానీ మోటర్‌సైకిల్ పోతే చేను ఎట్ల పచ్చబడతది?

మా మర్రిగూడ దిక్కు అన్నీ వాననే నమ్ముకున్న చేన్లు. ఎండకాలం గొర్లకాపరులను బతిమాలి, మందను మన చేన్ల పండబెట్టించుకునేది. రాత్రిళ్లు గొర్లు అక్కడే పండుకుంటే ఆ పెంటికలే చేనుకు బలం. చేనంతా తిరిగినంక మంద ఇంకో ఊరికి కదులుతది. వాన పడ్డంక చూడాలె ఆ చేను, నలుపు తిరిగిన పచ్చదనం. మంద పోయినందుకు చేను పచ్చబడ్డది, మంద వెంట వాడు పోయినందుకు పిల్ల ఎండింది. పాట మొత్తం ఆ ఒక్క ముడి మీద నిలబడ్డది.

ఒక ఎండకాలం మా పక్కింటి అక్క వాళ్ల చేన్ల దేవరకొండ దిక్కు మంద దిగింది. ఎంత మంద అంటే, తల మా ఊర్ల ఉంటే తోక దేవరకొండ గుట్ట కాడ ఉండె. సరే, అంత లేదు, చేను నిండ ఉండె. మంద వెంట ఒక పడుచు కాపరి వచ్చిండు. అక్క వానికి సల్ల ముంత తీసుకొని పోయేది, తిరిగొచ్చేసరికి పొద్దు వాలేది. వానల ముందు పెద్దమనుషులను తీసుకొని వస్తనన్నడు. వానలు వచ్చినయి, వాడు రాలే. వాళ్ల ఊర్లనే పెండ్లి చేసుకున్నడని కబురు మాత్రం వచ్చింది.

ఆ చేన్లనే జొన్న మొలిచింది. ఆడోళ్లంతా వరుసగా కలుపుకు కూసున్నరు. ఎవరు మొదలు పెట్టిన్రో తెల్వదు, ఆ పాటే ఎత్తుకున్నరు, ఓరచూపు మాత్రం అక్క మీద. అక్క లేచి ఇంటికి పోయింది. ఇగ గడప దాటలే, జొన్నగట్క ముద్ద ముట్టలే. కొన్ని దినాలకు వాళ్లమ్మ మా ఇంటికొచ్చి, బిడ్డ దక్కేటట్టు లేదని ఏడ్చింది.

మా అవ్వ, అంటే మా నాయినమ్మ, అంతా విన్నది. తెల్లారి పోయి అక్క చెయ్యి పట్టుకొని, గుంజుకొచ్చినట్టే చేనుకు తీసుకొచ్చింది. నేను కూడా వెనకనే ఉరికిన. అక్క కూసున్నదో లేదో, పాట మళ్ల మొదలైంది. మా అవ్వ నడుము మీద చెయ్యేసి నిలబడ్డది.

"ఆపుండ్రే. నా పాట నా ముంగటనే పాడుతున్నరు, జర సిగ్గుండాలె."

"నీ పాటనా?" అన్నరెవరో.

"మరెవరిది? గా ఎండిపోయిన పిల్లను నేనే. నా నెత్తిమీద గొంగడి కప్పి పోయిండు, ఇగ వస్తడు, అగ వస్తడు అనుకుంట గొంగడి చినిగింది గానీ వాడు రాలే."

వరుసంతా నోరు తెరిచింది. అప్పుడు లేచింది ఎదురింటి ముసలవ్వ. "ఓ వదినె, గా పాట నాది. నన్నిడిశిపోయినోనిది మెల్లకన్ను. మా ఊరి తొవ్వ అనుకొని ఎటో పోయినట్టున్నడు." ఇంకో ముసలామెకు రోషం వచ్చింది. తనను విడిచినోడు పోతూ పోతూ వాళ్ల నాయిన గొర్రెపిల్లను కూడా ఎత్తుకపోయిండట, అందుకని పాట తనదేనట. ముగ్గురు ముసలోళ్లు ఎండిపోయింది నేనంటే నేనని కొట్లాడుతుంటే కలుపు మొత్తం ఆగింది. కొంగు నోట్లె కుక్కుకున్న అక్క ఇగ ఆపుకోలేక నవ్వింది. నవ్వుకుంటనే ఏడ్చింది.

"మేమంటే ఎండినోళ్లం ఎండినట్టే ఉన్నం. నువ్వెట్లుంటవో చెప్పు బిడ్డా" అన్నది మా అవ్వ. అక్క ముక్కు తుడుచుకొని, తలవంచి, కలుపు పీకుకుంటనే పాడింది:

పచ్చగైన చేను మామో, పంట నేనె కోస్త
మళ్లొస్తె నీ గొర్లకె మామో, జాగ ఇంత ఇస్త

గొర్లకు జాగ ఉన్నది, వానికి లేదు! వరుసంతా ఆ మాట అందుకున్నది. నాకు ఒళ్లంతా పులకరించింది, ఇప్పుడు రాస్తుంటే కూడా పులకరిస్తున్నది. ఆ మధ్యాహ్నం గట్టు మీద అక్క మా అవ్వ సద్దిల నుంచి గట్క తిన్నది.

ఇంటికొచ్చే తొవ్వల, నిన్ను నిజంగ ఇడిశిపెట్టి పోయిండానే అని అవ్వను అడిగిన. "నన్నెవడు చూసిండురా? మీ తాత ఒక్కడే చూసిండు, ఆయన కూడా సరిగ్గ చూడలే" అన్నది. మరి అబద్ధం ఎందుకంటే, "దాని మీద పడ్డ మాటను జర నా మీదికి మళ్లించుకున్న. నాకేంది, నాకేమన్న ఇప్పుడు సంబంధాలు చూడాల్నా?" అన్నది.

కనుక పాట మా ఇంట్ల పుట్టలే, అది మా అవ్వకంటే పాతది. అరుగు మొన్నమొన్న కట్టిచ్చిన సిమెంటు అరుగు. ఆ చివరి చరణం మాత్రం మా అక్కదే. దానికి కూడా ఆలేరు స్టేషన్ల ఒకాయన అడ్డం తగిలిండు, అది వాళ్ల ఊరి ఆమె కట్టిందట. రైలొచ్చే దాకా కొట్లాడిన. రైలెక్కినంక అనిపించింది, వాళ్ల ఊర్ల కూడా ఒక అక్క ఉండే ఉంటదని.

మొన్న మా మనుమడు ఎవరో పిల్ల కాదన్నదని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. పిలిస్తే పలుకడు, అన్నం వద్దంటడు. నేను పోయి పక్కన కూసొని, నన్ను కూడా ఒకామె కాదన్నదిరా అని మొదలు పెట్టిన. ఆమె జడ ఎంత పొడుగుదో, నేను ఎన్ని దినాలు అన్నం ముట్టలేదో, ఊరంతా నన్ను చూసి ఎట్ల నవ్విందో బాగనే కట్టి చెప్పిన. పిల్లగాడు ఇటు తిరిగిండు, కొద్దిసేపటికి నవ్విండు, లేచి పళ్లెం ముందర కూసున్నడు. వంటింట్ల నుంచి మా ముసలామె తొంగిచూసి "ఎవతె అది?" అన్నది. ఎవ్వతీ లేదని ఇంకా చెప్తనే ఉన్న, నమ్ముత లేదు. నమ్మకపోతే మానె, పిల్లగాడు అన్నం తిన్నడు.