రామకోటి పుస్తకంలో తుమ్మిన రావణుడు

మా చిన్నప్పుడు... ఒంటిపూట బడి వదలగానే పుస్తకాల సంచీ ఇంట్లో విసిరేసి మిరప కల్లానికి పరుగెత్తేదాన్ని. పిడుగురాళ్ల దగ్గర పల్లెటూరు మాది. కల్లంలో పందిరి కింద మా నాయనమ్మ కూర్చునుండేది. ఎదురుగా నేల మీద పరిచిన పట్టాల నిండా ఎండుతున్న మిరపకాయలు, ఒళ్ళో రామకోటి పుస్తకం.

నాయనమ్మకు చదువు రాదు. 'శ్రీరామ' అని రాయడం మాత్రం వచ్చు. గుళ్ళో పంతులుగారి చేత పలక మీద రాయించుకుని, దిద్ది దిద్ది నేర్చుకుంది. గడికొక నామం చొప్పున తలెత్తకుండా రాసేది పాపం...

నాకేమో ఒకచోట కాలు నిలవదు. కాయలు తొక్కేస్తానని భయపడి ఒకరోజు కలం నా చేతిలో పెట్టింది.

"ఇదిగో, ఈ అంచున కాస్త ఖాళీ ఉంది గదా. ఆంజనేయస్వామిని వెయ్యి. కూర్చున్న చోటు నుంచి కదలమాక!"

వేశాను. కానీ గుళ్ళో ఉండే ఆంజనేయస్వామి నాకు వస్తేగా! మిరపకాయ కొరికి, నాలుక బయటపెట్టి, తోకతో నోటికి విసురుకుంటున్న స్వామి వచ్చాడు.

నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఓసి నీ దుంపతెగ! స్వామికి కారం తినిపించావేందే!" అని పకపకా నవ్వింది.

ఇక చూస్కోండి... ఉడుత నెత్తిన తట్ట పెట్టుకుని కూలికి బయల్దేరింది. సీతమ్మవారు తలకు గుడ్డ చుట్టుకుని మిరపకాయల తొడిమలు తీసింది. రావణాసురుడైతే ఘాటుకు తట్టుకోలేక పది ముక్కులతో ఒకేసారి తుమ్మాడు! ఆ బొమ్మ చూసి నాయనమ్మ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది... కాయలు కలబెట్టిన చేత్తోనే! "అబ్బో, చచ్చానే తల్లీ" అని ఒకటే కేకలు. బిందెడు నీళ్ళు అయిపోయాయి.

పుస్తకం పూర్తయింది. శ్రీరామనవమి ముందు ఊళ్ళో రామకోటి పుస్తకాలన్నీ పంతులుగారు మూటగట్టి భద్రాచలం తీసుకెళ్ళేవారు. ఇవ్వడానికి ముందురోజు మా మేనత్త వచ్చి పుస్తకం తెరిచింది. అంతే...

"అమ్మా, నీకు బుద్ధుందా? రాముడి పేరు పక్కన రావణుడి చీమిడి ముక్కులేంది? ఎంత అపచారం! ఆ కాయితమన్నా చింపెయ్!"

నాయనమ్మ చీర పట్టుకుని "చింపొద్దే... చింపొద్దే..." అని ఒకటే ఏడుపు.

నాయనమ్మ పుస్తకం లాక్కుంది. "కాయితం చింపితే దాంట్లో నామాలు ఏం గాను? మళ్ళీ నువ్వు రాస్తావా? పొద్దస్తమానం పూజలంటే ఆయనకు మాత్రం విసుగుండదా! నా మనవరాలి బొమ్మలు చూసి కాసేపు నవ్వుకుంటాడులే."

అత్త మూతి తిప్పుకుని లోపలికెళ్ళింది.

మర్నాడు పంతులుగారు పుస్తకం తిరగేస్తూ రావణుడి దగ్గర ఆగారు. ఆయన నవ్వు బిగబట్టుకున్నారు గానీ, పొట్ట మాత్రం కదులుతోంది. "బాగా తుమ్ముతున్నాడమ్మాయ్" అని, అట్టకు పసుపూ కుంకుమా పెట్టి మూటలో వేసుకున్నారు. నా బొమ్మలు భద్రాచలం పోతున్నాయని ఆ రోజు వీధి వీధంతా చెప్పుకున్నాను.

ఇంకో పుస్తకం కొందామనుకున్నాం. ఆ వానాకాలమే నాయనమ్మ పోయింది.

ఇప్పుడు మా అమ్మాయి భక్తి జర్నల్ అంటూ ఒక పుస్తకం పెట్టుకుంది. బూరెబుగ్గల కృష్ణుళ్ళూ, బొజ్జ వినాయకులూ, రంగురంగుల పెన్నులూ, స్టిక్కర్లూ... చూడముచ్చటగా ఉంటుంది. మొన్న వచ్చి, "అమ్మా, మీ నాయనమ్మ చేతిరాత ఏదన్నా ఉంటే ఇవ్వవా? బొమ్మ పక్కన అతికించుకుంటా" అంది.

ఇల్లంతా వెతికాను. పెట్టెలు దించాను, అటకెక్కాను. పొలం కాగితాల మీద ఆవిడ వేలిముద్రలున్నాయి... అంతే. వచ్చిన ఆ ఒక్క మాటా రాముడికే ఇచ్చేసింది మహాతల్లి.

చింపొద్దని ఆ రోజు అంత ఏడ్చానా... ఇప్పుడేమో, అత్త మాటే నెగ్గి ఆ ఒక్క కాగితం మా ఇంట్లో ఉండిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తోంది. నా బొమ్మ కోసం కాదండీ... ఆవిడ రాత కోసం.

మీ ఇంట్లో నాయనమ్మలో, అమ్మమ్మలో తమ చేత్తో రాసింది ఒక్క ముక్కన్నా ఉందా? ఉంటే ఫొటో తీసి కింద పెట్టండి... మీవాళ్ళదైనా సరే, కళ్ళారా చూసుకుంటాను.