మా బావకు నేను పెట్టిన కాపలా

ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఆడపిల్ల పుడితే పేరు పెట్టడం ఆలస్యమయ్యేదేమో గానీ, మొగుణ్ణి పెట్టడం ఆలస్యమయ్యేది కాదు. మేనత్త ఉయ్యాల దగ్గర నిలబడి "ఇది మా వాడికే" అని ఒక మాట అనేసి పోయేది. ఇక ఆ మాటకు తిరుగుండేది కాదు. అట్లా ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టిన నాకు, ఆదోనిలో ఉండే మా మేనత్త కొడుకు ఖాయమైపోయాడు. ఇప్పుడు టీవీలో పాటల పోటీలకు జడ్జీగా, సీరియళ్ళలో కోటు వేసుకున్న మామగారిగా కనబడే పెద్దమనిషి ఆయనే. పేరు చెప్పను. మా ఇంట్లో అందరూ మైకు బావ అంటారు, నేనూ అదే అంటాను.

పద్దెనిమిదేళ్ళకు నాకున్నది నాలుగో తరగతి చదువు, నలభై ఏళ్ళ మనిషి పెత్తనం. మగ్గాలకు నూలు కండెలు చుడుతూనే ఇంటిల్లిపాదినీ హద్దుల్లో పెట్టేదాన్ని. తెగిన నూలు పోగు పారేయనిచ్చేదాన్ని కాదు. అరిగిపోయిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించేదాన్ని (ఇప్పటికీ అతికిస్తాను, మా మనవరాలు ముక్కు చిట్లించినా సరే). మైకు బావ నాకు పూర్తిగా తలకిందులు. పగలంతా పత్తి మార్కెట్టులో తూకం చీటీలు రాసేవాడు. పని దిగితే జుట్టుకు దోసెడు వాసన నూనె, మొహానికి మందంగా పౌడరు, మెడలో పూల రుమాలు. పెళ్ళిళ్ళలో, చవితి పందిళ్ళలో ఆర్కెస్ట్రాతో పాడేవాడు. పాడితే మాత్రం, ఒప్పుకోవాలి, నా చేతిలో కండె ఆగిపోయేది.

పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా "ఇంకో ఆరు నెలలు" అంటూ రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. ఇంతలో ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయితో తిరుగుతున్నాడని ఎవరో మా అత్త చెవిలో వేశారు. మిరపకాయలు దంచడానికి సాయం కావాలని అత్త కబురు పెడితే నేను ఆదోనికి పోయాను. గడప దాటీ దాటకముందే అసలు పని చెప్పింది.

"మిరపకాయలు యాడికీ పోవు గానీ, నీ మొగుడు పోతాండాడు. పోయి సూసుకో."

"ఇంగా మొగుడు కాలేదు గదత్తా."

"అందుకే సెప్తాండా. అయినంక పోతే నన్నడగొద్దు."

అది పత్తి రాని కాలం కాబట్టి, ఆర్కెస్ట్రావాళ్ళు ఒక జిన్నింగు ఫ్యాక్టరీ గోడౌనులో పాటలు ప్రాక్టీసు చేసేవాళ్ళు. నేను పోయి ఒక ఖాళీ గోనె బోరాల కుప్ప మీద ఎక్కి కూర్చున్నాను. వాళ్ళకున్నది ఒకే మైకు. జంటపాట వచ్చేసరికి బావా, ఆ అమ్మాయీ దాని దగ్గర తలలు ఆనించి పాడాలి. నేనుండగా ఆ పప్పులుడుకుతాయా? మధ్యలో దూరి మైకు చేత్తో పట్టుకున్నాను. బావ పాడినప్పుడు అటూ, ఆమె పాడినప్పుడు ఇటూ తిప్పుతూ మూడు రోజులు నిలబడ్డాను.

"ఏమక్కా, మైకు స్టాండు ఇరిగిందని నిన్ను పిలిపించినారా?" అని అడిగింది ఆ పిల్ల.

"ఔనమ్మా. ఇది ఇరగని స్టాండు," అన్నాను.

ఎన్నాళ్ళని ఆదోనిలో ఉంటాను? ఎమ్మిగనూరులో కండెలు ఎవరు చుడతారు? నమ్మకమైన మనిషి కోసం చుట్టూ చూస్తే డోలక్ వాయించే అబ్బాయి కనిపించాడు. ఊళ్ళో పరుపులు కుట్టే ఆయన కొడుకు, అందరూ డోలక్ భాయ్ అనేవాళ్ళు. మెడ దాకా గుండీలు పెట్టుకుని, ఆడపిల్లల వైపు కన్నెత్తి చూడకుండా, తన పనేదో తనదిగా ఉండేవాడు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఏమిటంటే, తను సగం టీ తాగి మిగతా సగం బావకు ఇచ్చేవాడు. ఎంత పొదుపైన పిల్లవాడు అని మెచ్చుకున్నాను (నా తెలివి అంతవరకే).

"ఏమప్పా భాయ్, నువ్వు మంచోని మాదిరి కనపడతాండావు. మా బావకు ఇంగ నువ్వే కాపలా. ఏ ఆడపిల్లనూ దగ్గరికి రానియ్యొద్దు."

"రానియ్యనక్కా."

"ఏ ఊరికి పాటలకు పోయినా ఎంబడే ఉండల్ల."

"ఉంటానక్కా."

"ప్రమాణం సెయ్యి."

డోలక్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. అవతల బావకు టీ ముక్కులోకి పోయి దగ్గు ఆగలేదు. నేను గెలిచినదానిలా అత్త దగ్గరికి పోయి, ఇక భయం లేదని చెప్పాను. ఆ ధైర్యంతో ఆమె మా అమ్మానాయనలను పిలిపించి శుక్రవారం తాంబూలాలు అనేసింది.

గురువారం పొద్దున బావ నన్ను బొరుగుల ఉగ్గాని తిందామని హోటలుకు తీసుకుపోయాడు. కాపలా మనిషి కూడా వచ్చాడు. బావ ఉగ్గాని ముట్టలేదు. రుమాలుతో నాలుగుసార్లు మొహం తుడుచుకుని అన్నాడు.

"పిల్లా, నాకు ఆడోళ్ళ మీద మనసు పోదు. మొగోళ్ళ మీదనే పోతాది."

"నాకూ అంతే గద బావా. దీనికి ఇన్ని సెమటలేంటికి?"

ఆయన తల పట్టుకున్నాడు. మళ్ళీ మొదటినుంచి, పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. ఈసారి అర్థమయింది. నోట్లోని ముద్ద మింగి అడిగాను.

"అయితే ఎవరో ఒకరు ఉండల్ల గదా. ఎవరు?"

బెంచీ చివర డోలక్ భాయ్ మిరపకాయ బజ్జీ తొడిమను అదేపనిగా చూస్తున్నాడు.

"నేను పెట్టిన కాపలావోడేనా!"

"నువ్వు పెట్టకముందు నుంచే అక్కా," అన్నాడు భాయ్ తలెత్తకుండా. "నీకు అబద్ధం సెప్పలేదు. ఆడపిల్లను రానియ్యనంటి, రానియ్యలేదు."

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. బావ ప్లేటు నా వైపు లాక్కుని ఆయన ఉగ్గాని కూడా తినేశాను, పారేయడం నాకు చేతకాదు కాబట్టి. తింటుండగా బావ మిగతాది చెప్పాడు. క్యాసెట్టులో పాడడానికి బెంగళూరు నుంచి పిలుపు వచ్చిందట, ఇంట్లో పోనివ్వడం లేదట. పెళ్ళి వద్దంటే మా మామ కారణం అడుగుతాడు, కారణం చెప్తే ఇంట్లో కట్టేస్తాడు, భాయ్‌ను ఊళ్ళో ఉండనివ్వడు. సరేనంటే ముగ్గురం మునుగుతాం. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పౌడరు చారలు కట్టింది.

"నేను వద్దంటాలే," అన్నాను.

"నువ్వా? ఏమని?"

"అది నేను సూసుకుంటా. నువ్వు మొగం తుడుసుకో."

శుక్రవారం పళ్ళేల ముందు కూర్చున్నాక మా మామ మాటవరసకు అడిగాడు. "ఏమ్మా, ఇష్టమే గదా?"

"ఇష్టం లేదు మామా."

ఆకులు సర్దుతున్న అత్త తలెత్తి అడిగింది.

"ఏంటికి?"

"ఈయన తలకు పెట్టే నూనెతో మా ఇంట్లో వారం తాళింపు ఎల్తాది. ఆ పౌడరు, ఆ అత్తర్లు, ఈయన్ను సాకడం నాతో గాదు."

ఎవరో ఒకరు ఇది అబద్ధమని అంటారని భయపడ్డాను. ఒక్కరూ అనలేదు. అందరూ నన్ను ఒకసారి చూసి, నిజమే అయ్యుంటుందని తలలూపారు. మా నాయన కండువా మొహాన వేసుకున్నాడు. మామ పళ్ళెం పక్కకు నెట్టి లేచాడు.

"ఇంత పిసినారిదాన్నా మన ఇంటికి తెచ్చేది! పోరా నాయనా, ఆ బెంగళూరికే పో. నాలుగు దినాలుండి మనసు తేలిక సేసుకోని రా. ఒక్కనివే పోవద్దు, ఆ భాయిని తోడు తీసుకపో."

ఆ నాలుగు దినాలు ఇంతవరకు పూర్తి కాలేదు. నల్లద్దాలు పెట్టుకుని పాడిన పాప్ పాటల క్యాసెట్లు ఆదోని ఆటోలన్నిటిలో మోగాయి. సినిమాల్లో హీరో స్నేహితుడయ్యాడు, జుట్టు నెరిశాక సీరియళ్ళకు మారాడు. ప్రతి షూటింగులో, ప్రతి స్టేజీ వెనకా, టీ గ్లాసుతో డోలక్ భాయ్. నన్ను మరుసటి ఏడాది ఎమ్మిగనూరులోనే ఒక బట్టతల మనిషికి ఇచ్చారు (నూనె గొడవ ఉండదని మా నాయన వెతికి తెచ్చాడు). మంచివాడు. ఏ లోటూ చేయలేదు.

మొన్నామధ్య బావ ఒక ఇంటర్వ్యూలో, తను గే అనీ, డోలక్ భాయ్ తన మనిషనీ నోరారా చెప్పుకున్నాడు. మనవరాలు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చి చూపించింది. ఆ సాయంత్రమే బావ ఫోను చేశాడు.

"పిల్లా, ఇంగ నువ్వు నిజం సెప్పేయొచ్చు. నా కోసరం ఇన్నేండ్లు పిసినారి పేరు మోసినావు."

సరేనని మరునాడు మా వీధి ఆడవాళ్ళందరికీ జరిగింది జరిగినట్టు చెప్పాను. అంతా విని పక్కింటామె, "ఆయప్ప సంగతి నిజమే గానీ అవ్వా, నువ్వు మాత్రం నూనె కోసరమే వద్దని ఉంటావులే," అంది. అందరూ నవ్వారు. నా మనవరాలు అందరికన్నా గట్టిగా నవ్వింది.

నవ్వితే నవ్వనీ. వాళ్ళకు చెప్పనిది ఒకటుంది. ఆ శుక్రవారం పొద్దున, వద్దని చెప్పబోతున్నానని తెలిసి కూడా, నేను బజారుకు పోయి కనకాంబరాలు కొనుక్కుని జడనిండా పెట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అంతకుముందు ఎప్పుడూ పూలు కొన్నదాన్ని కాదు. అంత దండగ ఖర్చు ఎందుకు చేశావే అని ఆనాటి నాలోని పిల్లను నిలదీద్దామని అప్పుడప్పుడూ అనుకుంటాను. ఆ పిల్ల అంత నిండుగా పూలు పెట్టుకుని కళ్ళ ముందు నిలబడేసరికి తిట్టడానికి నోరు రాదు, నవ్వొస్తుంది.