అత్త కడిగి ఉంచిన పంపు

రాతలో తప్పులుంటే మన్నించండి. నేను చదివింది ఐదో క్లాసు వరకే, అదీ తమిళంలో. ఈ తెలుగు అక్షరాలు మా అవ్వ నేర్పినవి. వంకరగా ఉంటే ఆమె తప్పు కాదు, నా చేతిది. మా అత్త పోయిన మంగళవారం తెల్లవారుజామున, రాజపాళయం పెద్దాసుపత్రిలో, ఊపిరి అందక చనిపోయింది. రాలేకపోయిన బంధువులు, ఆమెతో మిల్లులో పనిచేసిన ఆడవాళ్ళు అందరూ ఒకటే అడుగుతున్నారు: తమ్ముడు వచ్చాడా, చీర తెచ్చాడా అని. నోటితో చెప్పడం నాకు చేతకాదు. అందుకే రాస్తున్నాను.

మాలో పెళ్ళయిన ఆడది పోతే పుట్టింటి నుంచి చీర రావాలి. అన్నో తమ్ముడో తెచ్చి కప్పాలి. అది పడకుండా పాడె లేవదు. అత్తకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, మంసాపురంలో సేద్యం. అతను మా గడప తొక్కి ఏడాది దాటింది. దానికి కారణం మా ఇంటి కప్పు.

అత్త చిన్న వయసు నుంచి దూది మిల్లులో పనిచేసింది. నీళ్ళు చిలకరించకుండా చీపురు పట్టనిచ్చేది కాదు. దిండు దులపాలంటే వీధి చివరికి పోవాల్సిందే. "తుమ్ము ఆపుకోవచ్చు, తూసిని ఆపలేము" అనేది. తూసి అంటే మా వైపు దుమ్ము. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా గొంతు ఎవరికీ వినిపించేది కాదు. "మా కోడలు దూది మాదిరి. గాలేస్తేనే తెలుస్తాది ఇంట్లో ఉండాదని" అని వీధిలో చెప్పి నవ్వేది. కానీ ఎవరైనా నన్ను ఏమన్నా అంటే ఊరుకునేది కాదు.

దగ్గు ఎక్కువై ఛాతీ డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు నేనే తోడు. ఆమె మిల్లు గురించి అడిగి, తర్వాత ఇంటికి ఏం కప్పు అని అడిగింది.

"ఆస్బెస్టాస్ షీటమ్మా. మా ఇంటాయన తన చేత్తో వేసింది" అంది అత్త, కొంచెం గొప్పగా.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. రేకులు గట్టిగా ఉన్నంతకాలం కదిలించకపోతే పర్వాలేదట. మావి పెచ్చులు రాలుతున్నాయి. మా పాప ఉయ్యాల మీద బూడిదలాంటి పొడి పడేది, నేను కొంగుతో తుడిచేసేదాన్ని. ఆ పొడి ఊపిరిలోకి పోతే తిరిగి రాదని, దించేటప్పుడు తడపాలని, విరగ్గొట్టకూడదని, దించినవి మళ్ళీ ఎవరూ వాడకూడదని చెప్పింది. అత్త ఇంటికి రాగానే చెప్పు కూడా విప్పకుండా, "ఉయ్యాల విప్పు" అంది.

ఇద్దరు పనివాళ్ళు వచ్చి చూశారు. ఒకడు పైసా వద్దన్నాడు. సుత్తి దెబ్బలతో ఒక్క పూటలో అయిపోతుంది, మంచి రేకులు తను తీసుకుంటాడు, ముక్కలు వాగులో పోస్తాడు. రెండోవాడు బోల్టులు కోసి, ఒక్కొక్క రేకూ తాడుతో దించుతానన్నాడు. మందపు ప్లాస్టిక్‌లో చుట్టి, ఇలాంటివి పూడ్చడానికి అనుమతి ఉన్న చోటికి లారీలో పంపాలన్నాడు. దించే కూలి కంటే పారేసే లారీ బాడుగే ఎక్కువ. పైన మేడ కప్పు పోయించాలని మా ఆయన ఏళ్ళుగా దాచిన బోనసంతా దానికే సరి. మేడ ఉండదు, మళ్ళీ రేకే, ఈసారి ఇనుప రేకు.

"చెత్త పారేసేదానికి ఇంత రూపాయలామ్మా? ఊరు నవ్వుతాది" అన్నాడు మా ఆయన.

"నవ్వనీరా. నవ్వేదానికీ ఊపిరి కావాల కదా."

తమ్ముడి దగ్గర పత్తికి మందు కొట్టే వీపు పంపు అడిగి తెచ్చింది. చింతపండుతో కడిగి కడిగి, రేకులు తడపడానికి సబ్బు నీళ్ళు నింపింది. నా పుట్టిల్లు సత్రపట్టి. అక్కడ ఇంటింటా బ్యాండేజీ గుడ్డ నేస్తారు. పుండుకూ దుమ్ముకూ కూర వడపోతకూ మాకు అదే. నేను ఒక చుట్ట తెప్పించి, పనివాళ్ళు మూతికి కట్టుకోవడానికి మడతలు వేసి ఇచ్చాను. అత్త ఒక మడతను ఎండకు ఎత్తి పట్టింది.

"దీంట్లోనించి నీ మూతే తెలుస్తా ఉండాది. తూసికి తోవ తెలీదా?"

పైనున్న పనివాళ్ళు కూడా నవ్వారు. నాకు భూమిలోకి పోదామనిపించింది. ఆమె సంచిలోంచి డాక్టరమ్మ చెప్పిన మాస్కులు తీసి పంచింది. నా గుడ్డను మాత్రం పారేయలేదు. సబ్బు నీళ్ళలో ముంచి, కోసే ప్రతి బోల్టు చుట్టూ తడిగా చుట్టించింది. "సత్రపట్టి గుడ్డ లేకుండా ఏ పనీ జరగదప్పా" అని అందరికీ వినిపించేలా అంది.

సగం రేకులు దిగాక వ్యాను ఆగింది. తమ్ముడు. మా వైపు ఇల్లు విప్పితే పాత సామాను మొదట అడిగిన బంధువుది. కాదనడం మర్యాద కాదు. అతని కూతురు చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చేసింది, ఆమెకు ఒక గది వేయాలి.

"ఏన్ అక్కా, ఎందుకిట్ట చుట్టినావు, పీనుగుని చుట్టినట్టు? విప్పు. బాగుండేవి ఏరుకుంటాను."

"వద్దుడా. ఇది ఎవరికీ ఇయ్యకూడదు."

"ఎవరికీనా? నేను ఎవరో అయినానా?"

"నీ మనవడు దీని కింద పండుకోకూడదు."

"నువ్వు ఇన్నేండ్లు పండుకున్నావే, చచ్చినావా?"

అత్త జవాబు చెప్పబోయింది. దగ్గు వచ్చింది. గోడ పట్టుకుని వంగి దగ్గుతూనే ఉంది, పనివాళ్ళు పని ఆపేశారు. అతను చూస్తూ నిలబడ్డాడు. అప్పుడైనా అర్థమవుతుందనుకున్నాను. కానీ అంతమంది ముందు తల తీసేసినట్టయింది అతనికి.

"సరి. చెత్తకి కాసు పోస్తావు గాని తమ్ముడికి ఇయ్యవు. ఇంక నువ్వు చచ్చినా రాను. ఆ పంపు నువ్వే పెట్టుకో."

ఖాళీ వ్యాను వెళ్ళిపోయింది. తర్వాత అతను ఎక్కడో అలాంటి పాత రేకులే కొని గది వేశాడని తెలిసింది. అత్త కబురు మీద కబురు పంపింది. జవాబు లేదు. ఆ పంపును మాత్రం పెరట్లో మేకుకు తగిలించి, అప్పుడప్పుడూ దించి కడిగి, వాషరుకు కొబ్బరినూనె రాసేది. "వాడి సామాను. వచ్చి అడిగితే బాగుండాల" అనేది. ఆసుపత్రికి పోయే ముందు రోజు కూడా మెట్టు మీద కూర్చుని దాన్ని కడిగింది. నేను చేస్తానంటే ఇవ్వలేదు.

మంగళవారం పొద్దు ఎక్కింది. ఇనుప రేకు వేడికి లోపల ఉండలేక అత్తను వాకిట్లో పడుకోబెట్టాం. మంసాపురానికి మనిషిని పంపాం, మా ఆయన అక్కడికి ఫోను చేస్తూనే ఉన్నాడు. అవతల ఎవరూ ఎత్తలేదు. వీధి పెద్దలు నీడలో కూర్చుని ఎండను చూస్తున్నారు.

"ఇంకెంతసేపు పెట్టేది? బజారులో చీరొకటి కొని, పుట్టింటిదని కప్పేయండప్పా. ఎవరికి తెలుస్తాది?" అన్నాడు ఒకాయన.

మా ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"వద్దు" అన్నాను. అందరూ తిరిగి చూశారు. అంతమంది మగవాళ్ళలో నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఇంకొక బస్సు చూద్దాం."

ఆ బస్సులో రాలేదు. తర్వాతి దాంట్లోనూ రాలేదు. మా ఆయన నా వైపు చూడడం మానేశాడు. పెద్దలు లేచి పంచెలు దులుపుకున్నారు. అప్పుడు వీధి మొదట్లో షేర్ ఆటో ఆగింది. అతను పసుపు గుడ్డ సంచి చంకలో పెట్టుకుని దిగాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. చీర విప్పి అక్క మీద పరిచి, మూలలు సర్ది, పాదాల దగ్గర కూర్చుని ఏడ్చాడు.

అంతా అయ్యాక, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళినవాడు ఎంతకీ రాలేదు. నేను తువ్వాలు తీసుకుని పోయాను. పంపు చేతిలో పట్టుకుని, వాషరు నూనెను వేలితో తాకి చూస్తున్నాడు.

"ఇది ఎవరు కడిగినారమ్మా?"

"అత్తే."

వేలి నూనె పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత, నా మొహం చూడకుండానే అడిగాడు: "సబ్బు ఎంత కలిపినారు? ఆ లారీ ఆయన నెంబరు ఉండాదా? ఈ పంపు అక్కకి ఇచ్చేసిందే, పని అయినాక తెచ్చిస్తాను."

చెప్పాను. మిగిలిన మాస్కులు కూడా ఇచ్చాను. తెల్ల పంచె మీద ఆ పంపును వీపుకు తగిలించుకుని బస్‌స్టాండు వైపు నడిచాడు. అత్త కడిగిన నీళ్ళు అడుగున కాసిని మిగిలి ఉన్నాయేమో, అతను నడిచినంత దూరం ఎండిన మట్టి మీద చుక్కలు పడుతూ పోయాయి.

చదివాక దీన్ని పొయ్యిలో వేసేయండి. అతనికి తెలుగు చదవడం వచ్చు. ఏడ్చిన సంగతి నలుగురికీ రాశానని తెలిస్తే, పంపు తిరిగి ఇచ్చేదానికి కూడా మా గడప తొక్కడు.